మిర్యాలగూడ కుటుంబం కేసు: ఐదేళ్ల కాలం పోకుండా ఆరోగ్య బీమా కంపెనీ మారిన తీరు

ఈ కేసులోని కుటుంబం మిర్యాలగూడలో ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతోంది. యజమానికి 54 ఏళ్లు, ఆయన భార్యకు 48, ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న కొడుక్కి 21. యజమాని తల్లికి వేరే పాలసీ ఉంది. నేను నల్లగొండలో ఒక బీమా బ్రోకింగ్ సంస్థ తరఫున పనిచేస్తున్నాను. పాలసీ మారితే మా సంస్థకు కమిషన్ వస్తుందన్న సంగతి మొదటి రోజే ఆయనకు చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. కంపెనీ మారమని చెప్పేవారికి అందులో ఏం లాభమో తెలిస్తేనే ఆ సలహాను సరిగ్గా తూచుకోవచ్చు. కంపెనీల పేర్లు, ఆసుపత్రి పేరు, మనుషుల పేర్లు ఈ రాతలో ఎక్కడా ఉండవు.

కుటుంబ పాలసీ 2020 జులై 12న మొదలైంది. కరోనా భయంతో ఎంతోమంది మొదటిసారి ఆరోగ్య బీమా తీసుకున్న రోజులవి. భార్య అప్పట్లో ఒక ప్రైవేటు పాఠశాలలో టీచరుగా ఉండి, ఆ సంస్థ గ్రూపు పాలసీలో ఉన్నందువల్ల, తండ్రీకొడుకులు ఇద్దరికే 5 లక్షల ఫ్లోటర్ పాలసీ (అందరికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండేది) తీసుకున్నారు. ఆమె ఉద్యోగం మానేశాక 2022 జులై రెన్యూవల్‌లో ఆమె పేరు చేర్చారు. గ్రూపు పాలసీలో ఉన్నవారు బయటికి వచ్చేటప్పుడు, కాలం నష్టపోకుండా అదే కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే హక్కు ఉంటుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పాఠశాలలో పనిచేసిన ఏళ్లన్నీ బీమా లెక్కలో లేకుండా పోయాయి, ఆమె కాలం 2022 జులై 12 నుంచే లెక్కకు వచ్చింది. ఈ తేదీ తర్వాత ఒక చిక్కుకు కారణమైంది.

ఐదేళ్లలో ఒక్క క్లెయిమూ లేదు. ఏడాదికి పది శాతం చొప్పున బోనస్ పెరిగి, 2025 జులై నాటికి 2.5 లక్షలు చేరబోతోంది. అంటే పాలసీ విలువ 7.5 లక్షలు. అటువంటి పాలసీని వదులుకోవాలని ఆయన ఎందుకు అనుకున్నారన్నది ముందు చెప్పాలి.

ఆయన బావమరిదికీ అదే కంపెనీలో, అదే రకం పాలసీ ఉంది. అందులో గది అద్దె రోజుకు బీమా మొత్తంలో ఒక శాతానికి మించకూడదన్న షరతు ఉంది. 5 లక్షల పాలసీకి అది 5,000 రూపాయలు. హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు ఖాళీగా దొరికిన గది 8,000 రూపాయలది. బిల్లు తీర్చే సమయానికి గది అద్దెలో తేడా ఒక్కటే కాకుండా డాక్టర్ల ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు, నర్సింగ్ ఛార్జీలు అన్నింటినీ ఎనిమిదికి ఐదు వంతుల లెక్కన కోశారు. ఆ పద్దుల కింద 2,40,000 రూపాయలు ఉంటే కంపెనీ 1,50,000 ఇచ్చింది. 90,000 ఇంటివాళ్లు కట్టారు. ఇటువంటి కోత మందులకు, ఇంప్లాంట్లకు, పరీక్షలకు వర్తించకూడదని, ఐసీయూ ఛార్జీలకు అసలే వర్తించకూడదని నిబంధనలు ఉన్నాయి కాబట్టి అక్కడితో ఆగింది. ఈ షరతు ఉన్న పాలసీలో ఎంత బోనస్ చేరినా హైదరాబాద్ ఆసుపత్రిలో దాని విలువ సగానికి పడిపోతుందని ఆయన గ్రహించారు. ఆయన నిర్ణయంతో నేను ఏకీభవించాను. ప్రీమియం కొద్దిగా ఎక్కువైందనో, ఎవరో ఫోన్ చేసి మంచి ఆఫర్ ఉందన్నారనో మారతామనేవారికి నేను సాధారణంగా ఆగమనే చెబుతాను; గది అద్దె పరిమితి, వాటా చెల్లింపు (ప్రతి క్లెయిములో కొంత శాతం మనమే కట్టడం), జబ్బుకు ఇంతేనన్న పరిమితి వంటి షరతులు కంపెనీ మారడానికి తగిన కారణాలు.

కూడబెట్టినది ఏమిటి

పోర్టబిలిటీ, అంటే గడిచిన కాలం పోకుండా పాలసీని మరో కంపెనీకి మార్చుకునే (పోర్ట్ చేసుకునే) వీలు, మన దేశంలో 2011 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. అయినా "లాభాలు పోకుండా మారడం" అనగానే చాలామంది బోనస్ గురించే ఆలోచిస్తారు. ఈ కుటుంబానికి బోనస్ కంటే విలువైనది పాలసీలో గడిచిన కాలం. ఆరోగ్య బీమాలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ డబ్బు రాదు. హెర్నియా, కంటి శుక్లం, పిత్తాశయంలో రాళ్లు, మోకీలు మార్పిడి వంటి కొన్ని చికిత్సలకు ఎక్కువ పాలసీల్లో 24 నెలలు ఆగాలి. పాలసీకి ముందే ఉన్న జబ్బుకు ఆగవలసిన కాలం 2024 ఏప్రిల్ 1కి ముందు 48 నెలల వరకు ఉండేది. ఆ తేదీ నుంచి 36 నెలలకు మించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్ణయించింది. వీటికి తోడు మారటోరియం ఉంది: పాలసీ విరామం లేకుండా 60 నెలలు నడిచిన తర్వాత, మోసం జరిగిందని నిరూపిస్తే తప్ప, "ఫలానా విషయం ముందుగా చెప్పలేదు" అన్న కారణంతో కంపెనీ క్లెయిమును తిరస్కరించరాదు. ఇది 2024కు ముందు ఎనిమిదేళ్లుగా ఉండేది.

ఈ కాలాలు మనిషి మనిషికీ వేరుగా నడుస్తాయి. యజమానికి, కొడుక్కి 2025 జులై 11తో 60 నెలలు పూర్తవుతాయి. భార్యకు అదే రోజుతో 36 నెలలే పూర్తవుతాయి. ఆమెకు థైరాయిడ్ సమస్య 2022 కంటే ముందే ఉంది, పాలసీలో చేరేటప్పుడే రాసి ఇచ్చారు. పాత పాలసీ పత్రంలో పాత జబ్బులకు 48 నెలలని ఉంది, కొత్త కంపెనీ పాలసీలో 36 నెలలు. పోర్ట్ చేసినప్పుడు కొత్త పాలసీలోని కాలంలోంచి అప్పటికే గడిచిన కాలాన్ని తీసేస్తారు కాబట్టి ఆమెకు మిగిలేది సున్నా.

బోనస్ విషయంలో ఒక అపోహను మొదట్లోనే తొలగించాను. పాత కంపెనీలో చేరిన 2.5 లక్షలు కొత్త కంపెనీలో ఉచితంగా పైన చేరవు. 5 లక్షలు, 2.5 లక్షలు కలిపి 7.5 లక్షల వరకు గడిచిన కాలం లెక్కకు వస్తుంది. అంతకు తగిన మొత్తానికి కొత్త పాలసీ తీసుకుని దానికి ప్రీమియం కట్టుకోవాలి. ఆయన 15 లక్షలు కావాలన్నారు. అప్పుడు ఒకే పాలసీలో రెండు లెక్కలు నడుస్తాయి. మొదటి 7.5 లక్షలకు ఐదేళ్ల కాలం (భార్యకు మూడేళ్లు) వర్తిస్తుంది. మిగతా 7.5 లక్షలకు 30 రోజులు, 24 నెలలు, 36 నెలలు, మారటోరియం అన్నీ 2025 జులై 12 నుంచి కొత్తగా మొదలవుతాయి. ఈ ఒక్క విషయం ఆయనకు, ఆయన భార్యకు ఇద్దరికీ అర్థమయ్యేదాకా కాగితం మీద గీసి చూపించాను, ఎందుకంటే "15 లక్షల పాలసీ పోర్ట్ అయింది" అని నమ్మి ఆసుపత్రికి వెళ్లి, బిల్లు 7.5 లక్షలు దాటిన రోజున తగాదాలు పడిన కుటుంబాలు ఉన్నాయి.

దరఖాస్తు, షుగర్ ప్రశ్న

పోర్ట్ దరఖాస్తును రెన్యూవల్ తేదీకి 45 రోజుల ముందే, అయితే 60 రోజులకంటే ముందు కాకుండా ఇవ్వాలన్న నియమం ఇప్పటికీ చాలా పాలసీ పత్రాల్లో ఉంది. ఆ తర్వాత వచ్చిన దరఖాస్తును తీసుకోవడం, తీసుకోకపోవడం కంపెనీ ఇష్టం. జులై 12కు వెనక్కి లెక్కపెడితే మే 13 నుంచి మే 28 వరకు సమయం ఉంది. వానాకాలం విత్తనాలు, ఎరువుల సరుకు దింపుకునే రోజులవి కావడంతో ఆయన వాయిదా వేయాలని చూశారు. మే 15న దుకాణంలోనే కూర్చుని ఫారాలు పూర్తి చేయించాను.

ఈలోగా మరొకరు ఆయన్ని కలిసి, పోర్ట్ అంటే పరీక్షలు, ఆలస్యం, మారాలనుకున్న ఆ కొత్త కంపెనీలోనే నేరుగా కొత్త పాలసీ తీసుకుంటే రెండు రోజుల్లో చేతికి వస్తుందని చెప్పారు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ దాని ధర చెప్పలేదు. నేరుగా తీసుకున్న పాలసీ కొత్త పాలసీయే. ఐదేళ్లలో గడిచిన ఏ కాలమూ అందులోకి రాదు. పాత పాలసీ వదిలేసి ఈ దారిన వెళ్లినవాళ్లు తాము పోర్ట్ అయ్యామనే అనుకుంటూ ఉంటారు. మా జిల్లాలో నేను ఎక్కువగా చూసే నష్టం ఇదే. పోర్టబిలిటీ ఫారం, ప్రపోజల్ ఫారం (ఆరోగ్య వివరాలు రాసి ఇచ్చే దరఖాస్తు) రెండూ సంతకం చేయించారా, పాత పాలసీ నంబరు అందులో రాశారా అని చూసుకుంటే తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది. పోర్ట్ చేసినందుకు ప్రత్యేకంగా రుసుము ఏమీ లేదు.

అసలు చర్చ షుగర్ దగ్గర వచ్చింది. ఆయనకు 2023 ఆగస్టులో నల్లగొండలో చేయించుకున్న రక్త పరీక్షలో షుగర్ బయటపడింది. అప్పటినుంచి ఉదయం, రాత్రి మాత్రలు వేసుకుంటున్నారు. పాలసీ మొదలైన మూడేళ్ల తర్వాత వచ్చిన జబ్బు కాబట్టి పాత కంపెనీలో దానికి ఏ ఆటంకమూ లేదు.

"అన్నా, షుగర్ సంగతి రాయకుంటే ఏమైతది? వాళ్లకెట్ల తెలుస్తది?" అని ఆయన అడిగారు.

ఈ ప్రశ్న ప్రతి కుటుంబమూ అడుగుతుంది, దానికి జవాబును నేను ఎప్పుడూ తొందరగా ముగించను. పోర్ట్ అడిగే హక్కు మనకు ఉంది గాని, మనల్ని తీసుకోవలసిన బాధ్యత కొత్త కంపెనీకి లేదు. అది ప్రపోజల్ ఫారం చూసి, పరీక్షలు చేయించి, ఒప్పుకోవచ్చు, ప్రీమియం పెంచి ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. కొత్త కంపెనీకి సంబంధించినంతవరకు ఈ షుగర్ ముందునుంచీ ఉన్న జబ్బే. అయితే పాత పాలసీ కాలం లెక్కకు వస్తుంది కాబట్టి 7.5 లక్షల వరకు దానికి మళ్లీ ఆగవలసిన పని లేదు. నిజం రాస్తే అయ్యే ఖర్చు మహా అయితే కొంత అదనపు ప్రీమియం. దాచితే, తెలిసి దాచారన్న ఆధారం దొరికిన రోజున 60 నెలల మారటోరియం కూడా కాపాడదు, ఎందుకంటే మోసానికి ఆ రక్షణ లేదు. ఆయన దుకాణం లెక్కల పుస్తకం రాయడం ఆపి విన్నారు. తర్వాత 2023 నాటి మొదటి రిపోర్టు, అప్పటి మందుల చీటీ వెతికించి తెప్పించారు. రెండింటి నకళ్లు ప్రపోజల్‌కు జతచేశాం. షుగర్ ఎప్పుడు మొదలైందో తేదీతో సహా రాశాం.

2024 మే 29న ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, పాత కంపెనీ 72 గంటల్లో పాలసీ చరిత్రను, క్లెయిముల వివరాలను ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో పోర్టల్ ద్వారా ఇవ్వాలి. అవి అందాక కొత్త కంపెనీ ఐదు రోజుల్లో నిర్ణయం చెప్పాలి. వైద్య పరీక్షలు ఉన్నచోట ఆచరణలో మరికొంత సమయం పడుతుంది. మిర్యాలగూడలో రక్త నమూనాలు ఇంటికి వచ్చి తీసుకున్నారు, ఈసీజీకి నల్లగొండ వెళ్లవలసి వచ్చింది. చివరికి ముగ్గురినీ తీసుకుంటామని, యజమాని షుగర్ కారణంగా ఆయన వాటా ప్రీమియం మీద 20 శాతం అదనంగా వేస్తామని జవాబు వచ్చింది. దానికి ఆయన రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే పాలసీ ఇచ్చారు. అప్పటికి ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉంది. వ్యక్తిగత, కుటుంబ పాలసీలకు దాన్ని 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎత్తివేశారు కాబట్టి వచ్చే రెన్యూవల్‌లో ఆ భారం తగ్గుతుంది.

జవాబు రాకముందు పాత పాలసీని ఏమీ చేయవద్దని గట్టిగా చెప్పాను. జులై మొదటి వారం దాటినా నిర్ణయం రాకపోతే పాత కంపెనీలోనే రెన్యూవల్ చేసి, మరుసటి ఏడాది మళ్లీ ప్రయత్నించాలన్నది మా ఒప్పందం. గడువు దాటాక 30 రోజుల గ్రేస్ ఉంటుంది, కాలం తెగిపోదు; అయితే ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టే పాలసీలో, కట్టకుండా గడిచిన ఆ రోజుల్లో వచ్చిన జబ్బుకు బీమా వర్తించదు. షుగర్ ఉన్న మనిషిని ఆ ఖాళీలో నిలబెట్టడానికి నేను ఒప్పుకోను.

షెడ్యూల్‌లో తప్పిన రెండు అంకెలు

కొత్త పాలసీ పత్రం వచ్చాక ఎక్కువమంది ఫోన్‌లో దాచుకుని ఊరుకుంటారు. ఈ కేసులో నేను మొదట తెరిచి చూసిన పేజీ షెడ్యూల్. ప్రతి సభ్యుడి పేరు ఎదురుగా మొదటి పాలసీ మొదలైన తేదీ, ఏ మొత్తం వరకు పాత కాలం వర్తిస్తుంది అన్న రెండు గడులు అందులో ఉంటాయి. యజమానికి, కొడుక్కి 12-07-2020 అని సరిగ్గానే వచ్చింది. భార్య ఎదురుగా 12-07-2025 అని ఉంది. మొత్తం గడిలో ముగ్గురికీ 5,00,000 అని ఉంది, బోనస్ లెక్కలోకి రాలేదు.

ఈ రెండూ అలాగే ఉండిపోతే భార్య థైరాయిడ్‌కు 2028 జులై వరకు, ఏ హెర్నియాకో 2027 జులై వరకు ఆగవలసి వచ్చేది. కట్టిన మూడేళ్లు కాగితంలో లేనట్టే. యజమాని విషయంలో 2.5 లక్షల రక్షణ మాయమయ్యేది. తప్పు ఎవరి దగ్గర జరిగిందో మాకు ముఖ్యం కాదు; ఆమె తర్వాత చేరిన సభ్యురాలు కావడంతో వివరాలు నింపేటప్పుడు ఆమె పాత తేదీ పడలేదని అర్థమైంది. పాలసీ అందిన రోజు నుంచి 30 రోజుల ఫ్రీ లుక్ కాలం (పత్రం చూసుకుని, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయగల గడువు) ఉంటుంది. ఆ గడువులోనే 2022, 2023, 2024 పాలసీ షెడ్యూళ్లు మూడూ జతచేసి, 2024 షెడ్యూల్‌లో బోనస్ ఉన్న వరుస కింద గీత గీసి, 2025 రెన్యూవల్ నోటీసులో రాసిన 2.5 లక్షల బోనస్ చూపించి, ఈమెయిల్‌లో సవరణ అడిగాం. మొదటి జవాబులో "పాలసీ నిబంధనల ప్రకారం" అన్న మాట తప్ప ఏమీ లేదు. రెండోసారి కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాశాక ఎండార్స్‌మెంట్ (పాలసీ సవరణ పత్రం) వచ్చింది: భార్యకు 12-07-2022, ముగ్గురికీ 7,50,000.

ఈ ఎండార్స్‌మెంట్ రాకపోయి ఉంటే తర్వాతి మెట్లు కూడా ఆయనకు ముందే చెప్పి ఉంచాను. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కంపెనీ నెలలోపు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విచారించి తీర్చే అధికారి) కార్యాలయానికి ఏడాదిలోపు వెళ్లవచ్చు. దానికి రుసుము లేదు, లాయరు అక్కరలేదు. మన దగ్గర చాలామందికి ఈ కార్యాలయం ఉన్న సంగతే తెలియదు.

నవంబర్‌లో వచ్చిన క్లెయిమ్

2025 నవంబర్‌లో ఆయన దుకాణంలో ఉండగా ఎడమ భుజం నుంచి దవడ దాకా నొప్పి, చెమటలు మొదలయ్యాయి. మిర్యాలగూడలో ఈసీజీ తీసి వెంటనే హైదరాబాద్ పంపారు. ఒక రక్తనాళంలో స్టెంట్ వేశారు. ప్రాణాపాయం తప్పింది.

క్యాష్‌లెస్ (బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే) అనుమతికి కాగితాలు పంపిన కాసేపటికే కంపెనీ నుంచి ప్రశ్న వచ్చింది. కారణం కేస్ షీట్‌లోని ఒక వాక్యం. రాత్రి ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు "షుగర్ ఎన్నాళ్ల నుంచి?" అని అడిగితే, వెంట వచ్చిన బంధువు కంగారులో "మస్తు ఏండ్ల సంది ఉన్నది సార్, ఏడెనిమిదేండ్లు ఉంటది" అన్నారట. కేస్ షీట్‌లో షుగర్ ఎనిమిదేళ్లుగా అని ఎక్కింది. ఎనిమిదేళ్లంటే 2017. పాలసీ మొదలైంది 2020లో. అంటే మొదటి ప్రపోజల్‌లోనే షుగర్ దాచారన్న అనుమానానికి తావిచ్చే వాక్యం అది. గుండె జబ్బుతో వచ్చిన షుగర్ రోగి విషయంలో ఆ అనుమానం చిన్నది కాదు.

ఆయన కొడుకు నాకు ఫోన్ చేశాడు. మా ఫైలులో ఉన్నవాటినే పంపించాం: 2023 ఆగస్టు రిపోర్టు, ఆ నెల మొదటి మందుల చీటీ, షుగర్ వివరాలు స్పష్టంగా రాసి ఉన్న పోర్ట్ ప్రపోజల్ నకలు, 2020 తేదీ ఉన్న షెడ్యూల్, 7.5 లక్షల ఎండార్స్‌మెంట్. చికిత్స చేసిన కార్డియాలజిస్టు పాత రిపోర్టు చూసి, షుగర్ 2023లో నిర్ధారణ అయిందని సంతకంతో సవరణ లేఖ ఇచ్చారు. దాంతోపాటు నేను కంపెనీకి ఒక విషయం రాశాను: పోర్ట్ ద్వారా వచ్చిన కాలంతో కలిపి ఈ సభ్యుడికి 2025 జులై 11తో 60 నెలలు పూర్తయ్యాయి, మారటోరియం గడిచిపోయింది, కాబట్టి మోసం నిరూపించకుండా ఈ కారణంతో 7.5 లక్షల పరిధిలోని క్లెయిమును ఆపడానికి వీలులేదు.

ఆ మధ్యాహ్నానికి అనుమతి వచ్చింది. బిల్లు 2,86,000 రూపాయలైతే కంపెనీ 2,71,400 కట్టింది. మిగతాది బీమా వర్తించని చిల్లర వస్తువులది. గది అద్దె కోత లేదు. డిశ్చార్జి బిల్లు అనుమతి మూడు గంటల్లోగా ఇవ్వాలన్న నియమం ఉంది, ఈ కేసులో అది దాదాపుగా పాటించారు.

ఇదే మనిషి జులైలో నేరుగా కొత్త పాలసీ తీసుకుని ఉంటే పరిస్థితి ఎలా ఉండేదో చూడండి. పాలసీ వయసు నాలుగు నెలలు. షుగర్‌కు, దానివల్ల వచ్చే ఇబ్బందులకు ఇంకా 32 నెలలు ఆగాలి. మారటోరియం మొదలైనట్టే లెక్క. కేస్ షీట్‌లో ఆ ఒక్క వాక్యం. ఆ క్లెయిము కోసం ఎవరు ఎంత వాదించినా నిలబడే అవకాశం చాలా తక్కువ.

తల్లి పాలసీ

ఈ కేసులో సాధించలేనిది కూడా రాయాలి. యజమాని తల్లికి 2022 అక్టోబర్ 12 నుంచి పాత కంపెనీలోనే 3 లక్షల విడి పాలసీ ఉంది. అరవై దాటాక చేరినందువల్ల ప్రతి క్లెయిములో 20 శాతం ఆమె వాటా. దాన్ని కూడా కొత్త కంపెనీకి మార్చాలని ఆగస్టు రెండో పక్షంలో దరఖాస్తు ఇచ్చాం.

ఆమె పుట్టిల్లు, అత్తిల్లు రెండూ మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్లు. మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నీళ్లు రాకముందు దశాబ్దాల తరబడి తాగినవి అక్కడి బావి నీళ్లు, బోరు నీళ్లే; వాటిలో ఫ్లోరైడ్ ఎంత ఉండేదో ఈ జిల్లాలో చెప్పనవసరం లేదు. రెండు మోకాళ్లూ వంగవు, నడుము నిటారుగా నిలవదు. ఎక్స్‌రేలో ఎముకలు చిక్కబడి, కీళ్ల దగ్గరి బంధనాలు సున్నం పట్టినట్టు కనిపించాయి. బీపీ కూడా ఉంది. కొత్త కంపెనీ పరీక్షలన్నీ చూసి ఆమెను తీసుకోలేమని కారణంతో సహా రాసి పంపింది. ఆ నిర్ణయం నన్ను బాధపెట్టింది. ఆ ప్రాంతంలో ఒక తరం మొత్తం తాము చేయని తప్పుకు ఇలాంటి ఎక్స్‌రేలు మోస్తోంది, ఆ ఎక్స్‌రేలే వారికి మరో కంపెనీ తలుపు మూసేస్తున్నాయి. అయినా నిబంధనల ప్రకారం అది కంపెనీ అధికారంలోనిదే. అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లినా మారేది కాదని ఆయనకు నిజాయితీగా చెప్పాను.

ఆమెకు మిగిలిన రక్షణ పాత పాలసీయే, అది చిన్నది కాదు. ముందు ఏళ్ల క్లెయిముల కారణంగా పాత కంపెనీ రెన్యూవల్ నిరాకరించడానికి వీల్లేదు. 60 ఏళ్లు దాటినవారి ప్రీమియంను ఏడాదికి పది శాతానికి మించి పెంచాలంటే ముందుగా నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరి 30న ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. మోకీలు మార్పిడికి ఉన్న 24 నెలలు ఎప్పుడో గడిచాయి. పోర్ట్ దరఖాస్తు నడుస్తుండగానే రెన్యూవల్ డబ్బులు సిద్ధంగా ఉంచుకోమన్నాను, అక్టోబర్ 12 లోపు కట్టేశారు.

"నాకెందుకు బిడ్డా ఇవన్నీ" అన్న ఆ తల్లికి ఇంటివాళ్లు నచ్చజెప్పారు. ఆమె ఆపరేషన్‌కు ఒప్పుకుంటే 3 లక్షల్లో ఒక మోకాలికే సరిపోతుందని, గది 3,000 లోపు తీసుకోవాలని, 20 శాతం చేతి నుంచి పెట్టుకోవాలని లెక్క వేసి ఇచ్చాను. కుటుంబానికి ఆహార భద్రత కార్డు లేదు, కాబట్టి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచిన రాజీవ్ ఆరోగ్యశ్రీ వారికి వర్తించదు. కార్డు ఉన్న కుటుంబమైతే అటువైపు మొదట చూడమనేవాణ్ణి.

కుటుంబ పాలసీ ఫైలులో ఇక గుర్తుంచుకోవలసిన తేదీలు మూడు ఉన్నాయి. భార్యకు 60 నెలలు 2027 జులై 11తో పూర్తవుతాయి. పెంచిన 7.5 లక్షలకు పాత జబ్బుల గడువు 2028 జులై 11తో ముగుస్తుంది, దాని మారటోరియం 2030 జులై 11తో. ఈ మూడింటినీ, 7,50,000 ఎండార్స్‌మెంట్ నకలును, 2023 నాటి మొదటి షుగర్ రిపోర్టును ఒకే కవరులో పెట్టి కొడుకు చేతికిచ్చాను, ఫోన్‌లోనూ పంపించాను. కొడుక్కి 25 ఏళ్లు నిండగానే ఈ ఫ్లోటర్‌లో ఉండే అర్హత పోతుంది, అప్పుడు అతను 2020 తేదీతోనే సొంత పాలసీకి మారాలి. దానికి కావలసింది కూడా ఆ కవరులోని షెడ్యూలే.